చుక్కలు వేయించావుగా

మళ్ళీ దగ్గింది. ఈసారి గడ్డిపరక అనుకోవడానికి లేదు, నీళ్ళు ఆత్రంగా తాగి పొలమారిందనుకోవడానికీ లేదు. బొంత అనే ఆ కుక్క ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ సాచి, గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు పొడిగా గరగరమంటూ మూడుసార్లు దగ్గింది. చివర్న ఓకరించి, కాస్త తెల్లటి నురగ నేలమీద వదిలి, ఆ నురగ తనది కానట్టు పక్కకి జరిగి కూచుంది. సామాన్ల గదిలో తిండి బస్తాల మధ్య ముక్కాలిపీట మీద కూచున్న ఆమె గడియారం చూసుకుంది. నాలుగు దాటి అయిదు నిమిషాలు. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది, బయటికి రాగానే ఫోన్ చేస్తుంది, ఓ గంట పట్టొచ్చు, అని నర్సు చెప్పింది. అయిదింటికి కుక్కల్ని తీసుకెళ్ళేవాళ్ళు రావడం మొదలవుతుంది. ఇవాళ పదకొండు కుక్కలు ఇళ్ళకి వెళ్ళాలి. గంట అటూ ఇటూగా రెండూ ఒకేసారి వచ్చి మీద పడతాయి, ఈలోపు ఆమె ఏదో ఒకటి తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఏముంది, అని ఒక మనసు. తేలనిదే ఎలా చెబుతావు, అని ఇంకో మనసు. ఇన్నేళ్ళుగా ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్ని తన దగ్గర ఉంచుకుని సాకుతోంది. చుట్టుపక్కల వీధుల్లో ఆమె అసలు పేరు ఎవరికీ తెలీదు, అందరికీ కుక్కలమ్మే. కుక్కలమ్మ దగ్గర వదిలాం అంటే ఇక బెంగ లేదన్నమాట. ఆ మాట వాళ్ళ నోట ఎన్నిసార్లు విందో. వినీ వినీ అది తన సొత్తే అనుకుంది.

గాలి. ముందు గాలి సంగతి చూడాలి. సామాన్ల గదికీ అవతలి పెద్ద షెడ్డుకీ మధ్య గోడ కప్పుదాకా పోదు, పైన రెండు జానల సందు ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో దుమ్ము కణాలు తీరిగ్గా పైకి లేచి, ఆ సందు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, అవతలికి జారిపోతున్నాయి. పన్నెండేళ్ళుగా ఉన్న సందే. అది ఉంటే చల్లగా ఉంటుందని తనే మేస్త్రీకి చెప్పి వదిలించింది. ఇప్పుడు ఒక్కో రేణువూ కనపడుతోంది, ఒక్కోటీ ఎక్కడికెళుతోందో కనపడుతోంది. లేచి పంకా ఆపేసింది. పీట ఎక్కి, పాత దుప్పట్లు మడతలు పెట్టి సందులో కుక్కింది. ఒకటి చాల్లేదు, రెండోది, మూడోది, చివరికి కిందున్న గోనెసంచి కూడా. దుప్పటి మధ్యలోంచి అవతల మిరియం మొరుగుతున్న చప్పుడు వచ్చింది. నల్లటి బుడ్డ కుక్క, పేరుకి తగ్గ ఘాటు. దాని వెనకే తాత గురక. తాతకి పన్నెండేళ్ళు, చప్పిడి ముక్కు, మామూలు రోజుల్లోనే ఊపిరి ఈల వేస్తూ పోయి ఈల వేస్తూ వస్తుంది. ఈ దగ్గు కుర్ర కుక్కకి రెండు వారాల చికాకు, తాతలాంటిదానికి ఊపిరితిత్తుల్లోకి దిగితే అంతే. పీట మీద నిలబడే ఆ ఈల వింది. లోపలికి, బయటికి. మామూలుగానే ఉంది. మామూలుగానే ఉందా? పొద్దున కూడా ఇలాగే ఉందా? రోజూ వినేదాన్ని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా.

పీట దిగి చేతులు చూసుకుంది. సబ్బుతో మూడుసార్లు కడిగిన చేతులు, కడిగిందంతా ఈ గంటలోనే, మరి పొద్దుట్నుంచీ? పొద్దున లేవగానే ముందు పలకరించింది బొంతనే, తమ్ముడి కుక్క కదా, మిగతావాటికన్నా ఒక్క అరచెయ్యి ఎక్కువ. గడ్డం కింద గోకింది. అది అప్పుడే ఒకసారి దగ్గింది, ఆమె విననట్టు ఊరుకుంది. ఆ చేత్తోనే గొళ్ళెం తీసింది. ఆ చేత్తోనే పదకొండు గిన్నెల్లో తిండి వడ్డించింది. నీళ్ళ గొట్టం పట్టుకుంది, అదే గొట్టం తర్వాత పనికి సాయమొచ్చే బాబాయి పట్టుకున్నాడు. మిరియం పళ్ళు చూసింది. దిక్కు చెవులు తుడిచింది, రెండు చెవులూ, మెల్లగా, అది కళ్ళు మూసుకుని మోకాలికి తల ఆనించింది. దిక్కు చెవుల దగ్గర ఆమె ఆలోచన ఆగింది, అక్కణ్ణించి కదల్లేదు, తోలినా కదల్లేదు. దిక్కు ఇంటి కాపలా కుక్క కాదు, కళ్ళు లేని మనిషిని నడిపించే కుక్క. దాని యజమాని పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. కడుపులో రాళ్ళు తీయించుకోవడానికి నాలుగు రోజుల కిందట దాన్ని ఇక్కడ వదిలి వెళ్ళింది. పేరేంటని అడిగితే, "దిక్కు అండీ. నాకదే దిక్కు, దానికి నేనే దిక్కు" అని నవ్వింది. ఇవాళ అయిదింటికి అందరికన్నా ముందు వచ్చేది ఆవిడే. రేపు పొద్దున్నే దిక్కుని తీసుకుని శిక్షణ కేంద్రానికి వెళుతుంది, ఏడాదికోసారి జరిగే పరీక్ష. అక్కడ చిన్నకూనలు ఉంటాయి, వరసగా, తల్లి పాలు మానీ మానని వయసువి, సగంవాటికి దగ్గు రాకుండా వేసే మందు కూడా పడి ఉండదు.

తలుపు మీద రెండు దెబ్బలు. "అమ్మాయ్, లోపలికి రానా?" బాబాయి. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంట్లో కూచోలేక ఇక్కడ షెడ్లు కడుగుతాడు, ఆయన గొంతుకి మెల్లగా మాట్లాడటం రాదు. "రావద్దు బాబాయ్. నువ్విటు వస్తే మళ్ళీ అటు వెళ్ళకూడదు. గిన్నెలన్నీ వేడినీళ్ళలో వేశావా?" "వేశా. గొట్టం కూడా ఉడకబెట్టమంటావా?" ఆమెకి నవ్వు రాలేదు, ఆయనకది తెలిసింది, "మొరిగే కుక్క కరవదంటారు గానీ, దగ్గే కుక్క సంగతి పెద్దలెవరూ చెప్పలేదే" అన్నాడు. తర్వాత మామూలు మనుషులు మాట్లాడేంత గొంతుతో, "వచ్చేవాళ్ళకి ఏం చెప్పను? గడ్డి తిని దగ్గుతోందనుకుందామా ఇవాళ్టికి? డాక్టరమ్మ చూసి అదే అంటే రేపు ఫోన్లు చేద్దాం" అన్నాడు. ఆ మాట ఆయన అనేదాకా ఆగింది ఆమె మనసు, అదీ నిజం. అది తన మాటే, ఇంకొకరి గొంతులో రావాలని కాచుకుంది. "షెడ్డు తలుపులు బార్లా తీసి పెట్టు" అంది. అడుగుల చప్పుడు దూరమైంది.

రేపు. రేపు చెప్తే ఏం పోయింది, ఏం పోదు, ఎవరి కుక్క ఎక్కడ అంటించుకుందో ఎవరు చెప్పగలరు, పార్కులో అంటించుకోవచ్చు, వీధిలో పలకరించుకున్నప్పుడు అంటించుకోవచ్చు, ముక్కూ ముక్కూ రాసుకుంటే చాలు. గేటు మీద బోర్డు తనే రాయించింది, ఎర్రటి అక్షరాలు, దగ్గు రాకుండా ముక్కులో వేసే చుక్కలు పడి వారమైనా అయితేనే లోపలికి, కార్డు చూపించాలి, మినహాయింపులు లేవు. మినహాయింపులు లేవు అన్న మాట కింద గీత కూడా. మూడు గంటల్లో విమానం ఎక్కాల్సిన ఆవిడ గేటు పట్టుకుని ఏడిస్తే కూడా తియ్యలేదు. "రూల్ అంటే రూల్ అండీ, మీ కుక్క కోసమే" అంది, ఎంత నెమ్మదిగా అంది, ఆ నెమ్మది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. ఆరు రోజుల కిందట తమ్ముడు వచ్చాడు. స్కూటర్ ముందు బొంత, వెనక పెట్టె, పది రోజుల ట్రైనింగ్, బస్సుకి టైమైపోయింది. "అక్కా, కార్డు ఇంట్లో ఉండిపోయింది." తనకన్నా పదకొండేళ్ళు చిన్న, చంకనేసుకుని పెంచింది. ముప్ఫయ్యెనిమిదేళ్ళొచ్చినా గేటు దగ్గర నిలబడితే మోకాలు చీరుకుని ఇంటికొచ్చిన పిల్లాడే. "చుక్కలు వేయించావుగా?" అంది. "ఆఁ" అన్నాడు. ఆ ఆఁ ఆమెకి తెలుసు. పలక పగలగొట్టి, నువ్వు కాదుగా అంటే అన్న ఆఁ. పరీక్ష బాగా రాశావుగా అంటే అన్న ఆఁ. నిజమైనదానికన్నా ఒక్క పిసరు పొడుగ్గా ఉంటుంది, చివర్న కాస్త పైకి లేస్తుంది. ఆ పిసరు వింది. వినే గేటు తీసింది.

బొంత లేచి వచ్చి ఆమె చెప్పు మీద గడ్డం పెట్టి పడుకుంది. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. జ్వరం చూసింది, పెద్దగా లేదు. మెడపట్టీ గొంతుకి ఒత్తుకుంటోందని ఎప్పుడో తీసేసింది, అయినా మెడ మీద వెంట్రుకలు పట్టీ ఉన్నంత మేరా అణిగే ఉన్నాయి. పొట్ట ఎగరేస్తూ ఒక దగ్గు దగ్గి, మళ్ళీ గడ్డం అక్కడే పెట్టింది. పాపం, దీనికేం తెలుసు. దగ్గినప్పుడల్లా ఆమె మొహం ఎందుకలా మాడిపోతోందో దానికి అర్థం కావడం లేదు. మనిషి దగ్గితే కూడా ఇంట్లోవాళ్ళ మొహాలు ఇలాగే అయ్యేవి. నాన్న దగ్గు మొదలవగానే అమ్మ ఉన్నపళాన లేచి కుట్టుమిషన్ దగ్గర కూచునేది. దారం ఉండేది కాదు, గుడ్డ ఉండేది కాదు, ఊరికే కాళ్ళతో తొక్కేది, టకటకటక, నాన్న దగ్గు ఆగేదాకా. రెండు వాటాల ఇల్లు, కింద ఇంకో కుటుంబం, గోడలు పలచన. నాన్న రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. రొట్టెలు చేసే మనిషికి క్షయ దగ్గు అని తెలిస్తే మర్నాడే పని పోతుంది. అందుకని మిషన్. సాయంత్రాలు కింది వాటా వాళ్ళు, "మీ అమ్మ ఎంత కుడుతుందే, అన్ని బట్టలు ఎవరివే" అనేవాళ్ళు. ఆమెకి తొమ్మిదేళ్ళు. "అందరివీ" అనేది.

కింది వాటా పిల్ల. పేరు గుర్తుంది, కానీ ఆ పేరు నలభయ్యేళ్ళుగా మనసులో కూడా పలకలేదు. ముందుపళ్ళ మధ్య సందు, నవ్వితే ఈల వచ్చేది. రోజూ స్కూలు నుంచి రాగానే పైకొచ్చేది, నాన్న మంచం పక్కనే ఇద్దరూ గచ్చకాయలాడేవాళ్ళు, ఎందుకంటే ఆ గదిలోనే నేల చల్లగా ఉండేది. నాన్న వాళ్ళ ఆట చూస్తూ, "ఒసే, దొంగాట" అని ఆ పిల్ల తరఫున మాట్లాడేవాడు. తర్వాత ఆ పిల్ల రావడం తగ్గింది. తర్వాత మెట్ల కింద నించి చిన్న దగ్గు వినపడేది, గువ్వ గొంతులో పొట్టు ఇరుక్కున్నట్టు. ఆ దగ్గుని కప్పడానికి కింద మిషన్ లేదు. ఒకరోజు ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చింది, ఎండన పడి, మెట్లెక్కి, గుమ్మంలో రొప్పుతూ నిలబడి, "మీ ఇంట్లో ఎవరికీ దగ్గు లేదుగా?" అంది. అమ్మ లేదండీ అంది. నాన్న బట్టీకి వెళ్ళాడు. ఆవిడ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఏమ్మా, లేదుగా?" అంది. అమ్మ ఆమె వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూసింది, ఏం చెప్పాలో తెలియడానికి అదే చాలింది. "లేదు" అంది తను. ఆ వారంలోనే కింది వాటా వాళ్ళు ఖాళీ చేశారు. బండి మీద పరుపులు, పరుపుల మీద దుప్పటి చుట్టుకుని ఆ పిల్ల. చెయ్యి ఊపిందో లేదో. తర్వాత నాన్న వేరే ఊళ్ళో ఎవరికీ తెలీకుండా మందులు తెచ్చుకుని ఏడాదిన్నర వాడాడు, నయమైంది, తమ్ముడు పుట్టాడు, నాన్న డెబ్భై రెండేళ్ళు బతికాడు. ఆ పిల్ల ఏమైందో తెలీదు. బతికే ఉండొచ్చు, మనవలు కూడా ఉండొచ్చు. ఎక్కడైనా పళ్ళ మధ్య సందున్న ఆడవాళ్ళు నవ్వితే చాలు, ఇప్పటికీ వయసు లెక్కకట్టుకుంటుంది.

నాలుగున్నర దాటింది. ఫోన్ తీసి డాక్టరమ్మ నంబరు చూసి, దాన్ని దాటించి తమ్ముడికి చేసింది. రెండో రింగుకే ఎత్తాడు. "అక్కా! మా బొంతగాడు ఏం చేస్తున్నాడు?"

"చుక్కలు వేయించలేదు కదూ."

అటువైపు ఎవరో నవ్వుతున్నారు, కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. "వేయిద్దామనే వెళ్ళానక్కా. ఆ రోజు క్లినిక్ మూసేసుంది. దగ్గుతున్నాడా?"

"ఆఁ అన్నావు గేటు దగ్గర."

"నువ్వు అడిగిన తీరు అలా ఉంది మరి."

"ఏ తీరు?"

"వేయించావుగా, అన్నావు. వేయించావా, అనలేదు. ఆఁ అనకపోతే నీకే ఇబ్బంది అన్నట్టు అడిగావు. నేను నీ తమ్ముణ్ణి, నాకు తెలీదా." కోపంగా అనలేదు, అదే బాధ, చిన్నప్పుడు జ్వరంలో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు. "తప్పు నాదే అక్కా. బయల్దేరి రానా?"

"వచ్చి ఏం చేస్తావు. నీ పని చూసుకో" అని పెట్టేసింది. పెట్టేశాక కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీని కోపం, గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది, నాలుగడుగులే, మళ్ళీ నాలుగు. వెధవ, తప్పు చేసి తీరు గురించి చెప్తాడు. కానీ నిజమే. తెలుసుకోవాలని అడిగేవాళ్ళు అలా అడగరు. లేదుగా, అయిందిగా, బాగుందిగా, ఆ ఒక్క అక్షరంలో జవాబు ముందే మడిచి చేతిలో పెట్టేస్తారు, ఎదుటివాడు అది విప్పి చదవడమే. ఎండలో మెట్లెక్కి వచ్చిన ఆవిడ కూడా అంతే, ఇంకో మెట్ల వరస ఎక్కాల్సి ఉందేమో పాపం. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం ఒక్కటే గుర్తుంచుకుంది, ఆ ప్రశ్న ఎలా అడిగారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే మాత్రం ఏంటి. తనకి ఆ రోజు దగ్గు తెలుసు, ఈ రోజూ దగ్గు తెలుసు.

ఫోన్ మోగింది. డాక్టరమ్మ. వెనకాల నీళ్ళ కుళాయి చప్పుడు, చేతులు కడుక్కుంటూ మాట్లాడుతున్నట్టుంది. "చెప్పండి, ఎలాంటి దగ్గు? పొడిగా? చివర్లో ఓకరిస్తోందా? తింటోందా? సరే. గొంతు మీద మెల్లగా వేలు పెడితే దగ్గు వస్తోందా? ఊఁ. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఇంకో కేసు ఉంది, ఆరింటికల్లా వస్తాను. మీ దగ్గర అన్నిటికీ చుక్కలు పడ్డాయిగా?"

"ఆఁ" అంది ఆమె.

"అయితే కాస్త నయం. వస్తా." అయిపోయింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆ ఆఁ గదిలో ఇంకా నిలబడే ఉంది, పిసరంత పొడుగ్గా, చివర్న పైకి లేచి. ఇది వాడిదే అనుకుంది ఇంతకాలం, ఇంటి సొత్తు అని ఇప్పుడు తెలిసింది. గబగబా మళ్ళీ నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఎత్తలేదు. ఆరింటిదాకా ఎత్తరు. ఆరింటికి చెప్పొచ్చు, పొరపాటున అన్నానండీ అని. ఆరింటికల్లా పదకొండు కుక్కలూ పదకొండు ఇళ్ళల్లో ఉంటాయి, తాత తన పరుపు మీద, మిరియం ఇంట్లో ఉన్న ఇంకో రెండు పిల్లకుక్కల మధ్య, దిక్కు తన యజమాని మంచం పక్కన, రేపటికి సిద్ధంగా. ఖాయంగా చెప్పలేను అంది డాక్టరమ్మ, ఆ మాట ఎంత మెత్తగా ఉంది, దాని మీద తల పెట్టుకుని పడుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. డాక్టరే చెప్పలేకపోయారండీ, నేనెంత. మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చేస్తున్నాయి, వెతుక్కోనక్కర్లేదు. బొంత దగ్గింది. ఆమె కాలు తనకి తెలీకుండానే నేల మీద టకటకా తొక్కుతోంది. చూసుకుని ఆపింది.

గేటు దగ్గర టాక్సీ ఆగిన చప్పుడు. ఇంకా అయిదు కాలేదు. ఆపరేటరమ్మ ఎప్పుడూ ముందే వస్తుంది. ఆమె పైన వేసుకున్న కోటు విప్పి మేకుకి తగిలించింది, చెప్పులు అక్కడే వదిలింది, బయట మందునీళ్ళ బకెట్లో కాళ్ళు ముంచి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, వేరే చెప్పులేసుకుని, షెడ్డు వైపు వెళ్ళకుండా పెరటి దారిన గేటుకి నడిచింది. నడుస్తుంటే మాటలు మారిపోతున్నాయి, ముందు కుశలం అడగాలి, ఆపరేషన్ చేయించుకున్న మనిషి, కాదు, ముందు ఇదే చెప్పాలి, కుశలం అడిగితే ఇక చెప్పలేదు. ఆపరేటరమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది, మనిషి కాస్త తగ్గింది, రెండో చేతిలో దిక్కుకి వేసే పట్టీ. "ఎవరు, మీరేనా? ఇవాళ మందు వాసన ఇంత ఘాటుగా ఉందేంటి?"

"గేటు తియ్యను, ఏమనుకోకండి. ఇక్కడ ఒక కుక్కకి దగ్గు పట్టుకుంది, మిగతావాటికి అంటుకునే దగ్గు. డాక్టరమ్మ ఇంకా చూడలేదు. కానీ అదే, నాకు తెలుసు. దిక్కుకి కూడా అంటి ఉండొచ్చు."

ఆపరేటరమ్మ మొహం కదల్లేదు. ఆసుపత్రి బోర్డు దగ్గర కూచుని రోజుకి ఎన్ని చెడ్డ కబుర్లు ఆ చెవుల్లోంచి పోతాయో. "ఎప్పట్నించి?"

"పొద్దున దగ్గింది. విన్నాను. విననట్టు ఊరుకున్నాను. మధ్యాహ్నం వేరే గదిలో పెట్టాను."

"చుక్కలు లేకుండా మీరు లోపలికి రానివ్వరే."

"రానిచ్చాను. అది నా తమ్ముడి కుక్క."

"మీ తమ్ముడిది" అంది ఆపరేటరమ్మ. ఆ రెండు మాటలూ ఒకసారి చేత్తో తడిమి చూసినట్టు అంది. "నన్ను మొదటిసారి వెనక్కి పంపారు, గుర్తుందా? కార్డు మీద తేదీ సరిగ్గా పడలేదని. నాకు తేదీ కనపడదు కదండీ, పడిందో లేదో. దాన్నీ తీసుకుని రెండు బస్సులు మారి వెళ్ళి, మళ్ళీ వేయించుకుని, వారం ఆగి వచ్చాను. ఆ వారం నా చెల్లెలు ఆఫీసుకి సెలవు పెట్టి నాతో ఉంది."

ఆమెకి గుర్తులేదు. విమానం ఆవిడ ఏడుపు గుర్తుంది, ఇది గుర్తులేదు, ఎందుకంటే ఈవిడ ఏడవలేదు, సరేనండీ అని వెనక్కి తిరిగింది. ఇప్పుడు గుర్తొచ్చింది, ఆ వీపు, ఆ పక్కన దిక్కు తోక. క్షమించమని అడగబోయి, ఆ మాట నోటికి చాలా చిన్నదనిపించి, మిగిలింది చెప్పేసింది. "దిక్కుకి చుక్కలు పడ్డాయి కాబట్టి, అంటినా తేలిగ్గానే పోతుంది. కానీ పైకి బాగానే ఉన్నా ఇంకోదానికి అంటించగలదు. రెండు వారాలు వేరే కుక్కల దగ్గరికి పోనివ్వకండి. రేపు కేంద్రానికి మాత్రం తీసుకెళ్ళకండి. కూనలున్నాయి అక్కడ." 

"రెండు వారాలు నేను పనికెలా వెళ్ళాలి?"

"తెలీదండీ" అంది ఆమె. ఆపరేటరమ్మ పట్టీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత, "ముందు దాన్ని తీసుకురండి. దగ్గినా నాదే" అంది.

బాబాయి వెనక తలుపు నుంచి దిక్కుని నడిపించుకొచ్చాడు. యజమాని గొంతు విని అది పరుగు తీయలేదు, అలా నేర్పారు దానికి, కానీ తోక ఒళ్ళంతా ఊపేస్తోంది. పది అడుగుల దూరంలో ఉండగా ఆగి, మెడ సాచి, ఒక్కసారి దగ్గింది. పొడిగా, చిన్నగా. బాబాయి అడుగు అక్కడే ఆగిపోయింది. ఆపరేటరమ్మ తల అటు తిరిగింది. దిక్కు మళ్ళీ నడిచి వచ్చి గేటు సందులోంచి ముక్కు పెట్టి ఆవిడ మోకాలు వాసన చూసింది.

"ఇదేనా ఆ దగ్గు?"

"ఇదే."

ఆపరేటరమ్మ కుట్లు నొప్పెట్టకుండా ఒక చేత్తో కడుపు పట్టుకుని మెల్లగా కిందికి కూచుని, దిక్కు గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, అక్కడ ఏదో వింటున్నట్టు అలాగే ఉండిపోయింది. "నేను ఈ దగ్గు ముందు విని, మీరు తర్వాత చెప్పుంటేనా" అంది, అంతవరకే అంది. టాక్సీ వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. మిరియం వాళ్ళది. బాబాయి రోడ్డు మీదికి వెళ్ళి, బస్సు నడిపిన రోజుల్లోలా చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క అయిదు నిమిషాలు! అందరికీ ఒకటే మాట, అమ్మాయే చెప్తుంది!" అని అరిచాడు.

ఆపరేటరమ్మ ఫోన్ తీసి, వేళ్ళతో తడుముకుంటూ ఏవో అంకెలు నొక్కి, గేటు కడ్డీల మధ్యలోంచి చెయ్యి చాచింది. "కేంద్రానికి చేశాను. స్పీకర్‌లో పెట్టాను. మేం రేపు ఎందుకు రావట్లేదో మీరే చెప్పండి. నేను చెప్తే మర్యాదకి కాస్త తగ్గించి చెప్తాను." 

అటువైపు రింగు ఆగింది. ఎవరో మగగొంతు హలో అంది. ఆ గొంతు వెనక కూనల అరుపులు, సన్నగా, ఒకదాని మీద ఒకటి పడుతూ, ఇరవయ్యో ముప్ఫయ్యో, సాయంత్రం తిండికి అల్లరి చేస్తున్నట్టున్నాయి. ఆ మనిషి వాటికి "ఉష్ష్, వస్తున్నా వస్తున్నా" అని, మళ్ళీ ఇటు, "చెప్పండమ్మా" అన్నాడు. ఆ గోల మధ్య సరిగ్గా వినపడాలని ఆమె గేటుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ముందు తన అసలు పేరు చెప్పింది. తర్వాత ఏం జరిగిందో చెప్పింది, మొదట్నుంచి, కారులోవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా.